పంతొమ్మిదో ఒకటి

తెలుగులో "రాయి" అనే మాటను ఆచితూచి వాడాలి. అది వినగానే ఒకడు కలం తీస్తాడు, ఇంకొకడు తల కాచుకుంటాడు. శేషం ఒక్కడే ఉలి తీసేవాడు. సమాధి రాళ్ళ మీద అక్షరాలు చెక్కడం అతని వృత్తి. "అందరి తలరాతా ముందే రాసి ఉంటుందట. చివరి పంక్తి మాత్రం నా దగ్గరికే రావాలి" అని, తన జోకుకి తనే ముందుగా నవ్వేవాడు. ఎదుటివాళ్ళు సాధారణంగా ఏడుపులో ఉండేవారు కాబట్టి ఆ బాధ్యత కూడా అతనిదే.

శేషం అసలు పేరు కాదు. అసలు పేరు సంతకం పెట్టేటప్పుడు మాత్రం గుర్తొచ్చేది. చిన్నప్పుడు అతని క్లాసులో ముప్ఫై ఏడుమంది. లెక్కల మాస్టారికి పిల్లల్ని వరసలుగా విడగొట్టి భాగహారం నేర్పడం సరదా. ఇద్దరిద్దరుగా నిలబడమనేవారు, ఒకడు మిగిలేవాడు. ముగ్గురేసి అనేవారు, ఒకడు మిగిలేవాడు. నలుగురేసి, ఆరుగురేసి, తొమ్మండుగురేసి, ఎలా విడగొట్టినా ఒకడు వరసకి ఎక్కకుండా నిలబడి ఉండేవాడు. హాజరుపట్టీలో ఆఖరి పేరు అతనిదే కాబట్టి ఆ ఒకడు ఎప్పుడూ అతనే. అయిదుగురేసి అన్నప్పుడు ఇద్దరు మిగిలేవారు గానీ, ఆ రెండోవాడికి తెలివుంది, ఏదో ఒక వరసలో దూరిపోయేవాడు. "శేషం ఎంతరా?" అని మాస్టారు అడిగితే ముప్ఫై ఆరు వేళ్ళు ఇతని వైపు తిరిగేవి. నలభై ఏళ్ళయింది. వేళ్ళు ఎటో పోయాయి, పేరు మిగిలింది. శేషం కదా, మిగలడమే దాని పని.

సోమవారం పొద్దున్న మాస్టారి భార్య అతని పనిచోటుకి వచ్చింది. గొడుగు తలుపుకి ఆనించి, రాతిపొడి లేని కుర్చీ కోసం చూసి, లేదని తెలుసుకుని, ఉన్నదాంట్లోనే కూర్చుంది.

"శేషం, ఏం విశేషం?" అంది. అది మాస్టారి పలకరింపు. ఆయన పోయి నెలయింది. పలకరింపు ఆవిడకి మిగిలిపోయింది.

"మీరే చెప్పాలి అమ్మగారూ. పేరూ, రెండు తేదీలూ రాసిస్తే చాలు, నేను చూసుకుంటాను."

"పేరొద్దన్నారు. తేదీలూ వద్దన్నారు. ఇది చెక్కించమన్నారు" అని ఆవిడ ఒక కాగితం విప్పింది.

కాగితం ఈ చివర నుంచి ఆ చివరకి నిలువు గీతలు. శేషం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎటు తిప్పినా ఒకేలా ఉంది.

"ఏంటండీ ఇది, కంచె బొమ్మా?"

"ఒకట్లు నాయనా. పంతొమ్మిది ఒకట్లు. అన్నీ కలిసి ఒకే సంఖ్య."

"దీన్ని ఎలా పలుకుతారు?"

"పలకరు. చూసి ఊరుకుంటారు." ఆవిడ చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "ప్రధాన సంఖ్య అది. ఒకటీ, తనూ తప్ప ఇంకెవరు భాగించినా ఎంతో కొంత మిగులుతుంది. ఒక ఒకటి పక్కన ఇంకో ఒకటి పెట్టు, పదకొండు. అది ప్రధానమే. మూడు ఒకట్లు పెట్టు, విరిగిపోతుంది. నాలుగు, అయిదు, పది, పదిహేను, ఎన్ని పెట్టినా విరిగిపోతాయి. పదకొండు దాటాక విరగని ఒకట్ల వరస మళ్ళీ ఇదే. నలభై ఏళ్ళు దీన్ని చూసి మురిసిపోయారు మహానుభావుడు. నన్ను చూసి నలభై నిమిషాలు కూడా అలా కూర్చోలేదు."

"మరి ఒకటి తగ్గితే?"

"తగ్గితే ఇంకేముంది. మూడు భాగిస్తుంది, ఏడు భాగిస్తుంది, పదకొండు, పదమూడు, దారినపోయే ప్రతి అంకె వచ్చి తలా కాస్త కొరుక్కుపోతుంది." కాగితం మడిచి అతని చేతిలో పెట్టింది. "పంతొమ్మిదికి పంతొమ్మిదీ ఉండాలి. శుక్రవారం నాలుగింటికి బండి తీసుకొస్తాను."

"రాతి మీద నా రాత తప్పదమ్మా" అన్నాడు శేషం. తప్పు జరగదని అతని అర్థం. తప్పదు అనే మాటకి ఇంకో అర్థం కూడా ఉందని అప్పుడు తోచలేదు.

రాయి నల్లది, మూడడుగుల వెడల్పు. అలాంటిది దొరికి ఏడాదయింది, ఇంకొకటి కావాలంటే నెల ఆగాలి. రాతిపనిలో ఒక నియమం ఉంది. రాతికి రెండు పక్కలా అంచు దగ్గర నాలుగు వేళ్ళ చోటు ఖాళీగా వదలాలి. అక్కడ ఉలి పెడితే అంచు పెచ్చుగా లేచిపోతుంది. శేషానికి ఇంకో నియమం కూడా ఉంది, అది అతని సొంతం. కంటికి ఇంపుగా ఉండాలి. పంతొమ్మిది గీతలు ఒకదాని పక్కన ఒకటి గీస్తే దువ్వెనలా ఉంటుందని అతని భయం. అందుకని ఎర్ర పెన్సిల్‌తో ఆరు గీసి, బొటనవేలంత ఖాళీ వదిలి, ఇంకో ఆరు గీసి, మళ్ళీ ఖాళీ వదిలి, మరో ఆరు గీశాడు. చేతికి ఊపొచ్చి మొదటి ఆరూ చెక్కేశాడు కూడా. టీ తాగి వచ్చి లెక్కపెట్టుకుంటే మూడు ఆర్లు పద్దెనిమిది. పంతొమ్మిదోదాన్ని గీస్తే అది సరిగ్గా ఆ నాలుగు వేళ్ళ చోటులోకి వెళ్ళి పడింది. వరసకి బయట, ఒంటరిగా, అంచు మీద.

శేషం దాన్ని చాలాసేపు చూశాడు. చెక్కిన ఆరింటినీ వెనక్కి తీసుకోలేడు, మిగతావాటిని దగ్గరగా ఇరికిస్తే వాటికీ వీటికీ పొంతన కుదరదు. అంచు మీద చెక్కితే రాయే పోవచ్చు. తీసేస్తే? మూడు ఆర్లు, అటూ ఇటూ సమానంగా ఖాళీ, ముచ్చటగా ఉంది. "అయినా ఎవడు లెక్కపెడతాడులే" అనుకున్నాడు. ఇన్నేళ్ళ పనిలో ఏ అక్షరాన్నీ మింగనివాడు తడిగుడ్డ తీసుకుని ఆ ఎర్ర గీతని తుడిచేశాడు. లెక్కచెయ్యకపోవడం, లెక్కపెట్టకపోవడం ఒకటే కాదు. అతను ఆ పూట రెండూ చేశాడు.

అతను చెక్కినవాటిలో సన్నటి కుంచెతో రంగు నింపేది ఇంటావిడ. బుధవారం సాయంత్రానికి పద్దెనిమిదింటికీ తెల్లరంగు నింపి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"దువ్వెన కాదు గానీ, మూడు దువ్వెనముక్కల్లా ఉన్నాయి" అంది. "కాగితంలో ఎన్నున్నాయండీ?"

"ఇన్నే."

"ఇన్నే అంటే?"

"రంగెయ్యడం నీ పని, సుత్తి కొట్టడం నా పని. నువ్వు కూడా సుత్తి కొట్టకు."

ఆవిడ నవ్వింది. అతను ఎప్పటిలా ముందు నవ్వలేదు. పెళ్ళాంతో అబద్ధమాడటం కొత్త కాదు, రాతి గురించి అబద్ధమాడటం కొత్త.

గురువారం పొద్దున్న ఇంకో రాయి మొదలుపెట్టాడు. ఎవరిదో పేరు, మామూలు పని. సుత్తి దెబ్బ పడుతోంది, రాయి ఖణేల్ ఖణేల్‌మంటోంది. మధ్యలో ఒక దెబ్బ మోగలేదు. సుత్తి ఉలి మీద పడింది, ఉలి రాతిలో దిగింది, పొడి లేచింది, చప్పుడు మాత్రం రాలేదు. చెవిలో పొడి పడిందేమోనని వేలు పెట్టి తిప్పుకుని మళ్ళీ కొట్టాడు. మోగింది. కొంతసేపటికి మళ్ళీ ఒకటి మోగలేదు. మూడోసారి జరిగేసరికి, వద్దు వద్దనుకుంటూనే లెక్కపెట్టాడు. పద్దెనిమిది దెబ్బలు మోగాయి. పంతొమ్మిదోది దూది మీద పడ్డట్టు పడింది. చేతిలోంచి ఉలి జారింది. ఉలి కిందపడితే ఉలిక్కిపడటం అనే మాట ఎలా పుట్టిందో అతనికి ఆ రోజు తెలిసింది.

పని ఆపేసి మొహం కడుక్కోబోయాడు. మూలనున్న కుళాయి ఏళ్ళ తరబడి కారుతూనే ఉంది. చుక్క, చుక్క, చుక్క. పద్దెనిమిది చుక్కలు బకెట్లో పడ్డాయి. తర్వాతది కుళాయి నోట్లో ఉబ్బింది, వేలాడింది, కనబడకుండా పోయింది. బకెట్లో నీరు కదల్లేదు. మళ్ళీ మొదటినుంచి పద్దెనిమిది.

భోజనానికి మేడమీదకి వెళ్తే ఇంటావిడ బఠానీలు ఒలుస్తోంది. గింజలు స్టీలు గిన్నెలో టకటకా పడుతున్నాయి. శేషం చెవులు మూసుకున్నాడు.

"ఏమైందండీ?"

"నీకేమీ తేడాగా వినపడటంలేదూ?"

"గింజలు. వంటింట్లో గింజల చప్పుడు కాక గిటారు వాయిస్తారా?"

ఆవిడకి అన్నీ వినపడుతున్నాయి. అతనికి మాత్రం ప్రతి పద్దెనిమిది తర్వాతా ఒక గుంట. గుంట ఊరికే ఉన్నా బాగుండేది. దానిలోంచి ఎవరో ఎదురుచూస్తున్నట్టుంది. క్లాసులో ప్రశ్న వేసి, సుద్దముక్క చేతిలో దొర్లించుకుంటూ, జవాబు కోసం కిటికీలోంచి బయటికి చూసే మనిషి ఎలా ఎదురుచూస్తాడో అలా. తొందరేమీ లేదు ఆ మనిషికి. ఇప్పుడు అసలే లేదు.

అతను చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి తిరిగినప్పుడు ఇంటావిడ అడిగింది, "మీ వీపు ఎవరు తట్టారు?"

"ఎవరు తడతారు? రాతిపొడి."

"రాతిపొడి బూడిదరంగులో ఉంటుంది. ఇది తెల్లగా ఉంది. పైగా రాతిపొడికి అయిదు వేళ్ళుంటాయా?"

చొక్కా విప్పి చూశాడు. భుజానికి కాస్త కింద, తెల్లగా, అరచెయ్యి. ముక్కు దగ్గర పెట్టుకుంటే సుద్ద వాసన. అతని పనిచోటులో సుద్దముక్క లేదు, ఎప్పుడూ లేదు.

ఆ సాయంత్రం మీద కప్పిన దుప్పటి తీసి ఆ నల్లరాయిని చూశాడు. తుడిచేసిన ఎర్ర గీత అంచు మీద మళ్ళీ కనిపించింది. రాయి పెన్సిల్ రంగుని పీల్చుకుంటుంది, తడి ఆరాక బయటపెడుతుంది, అందులో వింత లేదు. మళ్ళీ తుడిచాడు. ఆరేసరికి ముందటికన్నా ఎర్రగా వచ్చింది. అందులో వింత ఉంది. మూడోసారి తుడవలేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర. నాలుగింటికి బండి వస్తుంది. శేషం రాతి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. "పద్దెనిమిది ఉంటే మాత్రం ఏం, కొంపలంటుకుంటాయా?" అని రాతినే అడిగాడు. రాయి జవాబు చెప్పదు, రాసినదే చెబుతుంది. "అసలు ఎవరు భాగిస్తారో చూద్దాం" అనుకుని, పక్క బల్ల మీద మందంగా పేరుకున్న పొడిలో వేలితో పద్దెనిమిది ఒకట్లు గీశాడు. ఏ అంకెతో భాగించాలి? వేలు దానంతటదే వెళ్ళి పక్కన ముప్ఫై ఏడు రాసింది.

రాశాక గుర్తొచ్చింది. ఒకసారి మాస్టారు నల్లబల్ల మీద ఈ పంతొమ్మిది ఒకట్లే రాసి, "హాజరుపట్టీలో ఎవడి నంబరు ఎంతో వాడు దానితో భాగించండి" అన్నారు. ఒకటో నంబరు వాడికి పండగ, రెండో నంబరు వాడికి సగం పండగ. ఇతనిది ముప్ఫై ఏడు. గంట కొట్టేదాకా భాగించాడు. ఎంత వచ్చిందో గుర్తులేదు. క్లాసంతా నవ్విందని మాత్రం గుర్తుంది.

పొడిలో మొదలుపెట్టాడు. నూట పదకొండులో ముప్ఫై ఏడు మూడుసార్లు. మిగిలింది ఏమీ లేదు. మరో మూడు ఒకట్లు దించాడు, మళ్ళీ నూట పదకొండు, మళ్ళీ మూడుసార్లు, మళ్ళీ ఏమీ లేదు. మూడేసి మూడేసి ఒకట్లు మెట్లు దిగినట్టు దిగి చెయ్యి దులిపేసుకుని వెళ్ళిపోతున్నాయి. పద్దెనిమిదీ అయిపోయాయి. కింద సున్నా.

అతను సున్నాని చూస్తూ ఉండిపోయాడు. ముప్ఫై ఏడుమంది క్లాసు ఆ రాతిని సమానంగా పంచుకుని, ఎవర్నీ మిగల్చకుండా ఇళ్ళకి వెళ్ళిపోయింది. శేషం లేదు. నిశ్శేషం. తను ఎవరికీ తెలియదనుకుని తుడిచేసింది ఒక గీతని కాదు.

మూలన కుళాయి పద్దెనిమిది చుక్కలు కార్చి ఆగింది. ఆ గుంటలోంచి, నిన్నటినుంచీ ఎదురుచూపుగా ఉన్నది మాటగా వచ్చింది. గొంతు పెద్దది కాదు, సుద్దముక్క బల్ల మీద గీరుకున్నంత.

"శేషం ఎంతరా?"

అతను పొడిలో పంతొమ్మిదో ఒకటి గీశాడు. కిందికి దించాడు. ఒకటిలో ముప్ఫై ఏడు పోదు. ఇక దించడానికి పక్కన ఏమీ లేదు.

"ఒకటండీ" అన్నాడు పైకే. అని, వేలు తన గుండె మీద పెట్టుకున్నాడు, చిన్నప్పుడు ముప్ఫై ఆరు వేళ్ళు చూపించిన చోటే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాత అన్నిటికన్నా సన్నటి ఉలి తీశాడు. ఇనప సుత్తి పక్కన పడేసి చిన్న చెక్క సుత్తి అందుకున్నాడు. ఎర్ర గీత మీద ఉలిమొన ఆనించి ఊపిరి బిగబట్టాడు. అంచుకి రెండు వేళ్ళ దూరం. ఒక్క దెబ్బ ఎక్కువైతే అంచు పెచ్చుగా లేస్తుంది, అంచుతో పాటు రాయి, రాయితో పాటు పరువు. గోటితో గిల్లినట్టు చెక్కాడు. ముప్పావుగంట పట్టింది. రాయి పట్టుకుంది. మొక్కజొన్నగింజంత పెచ్చు కూడా లేవలేదు.

"రంగు తీసుకురా" అని మేడమీదకి కేకేశాడు.

ఇంటావిడ కుంచెతో దిగివచ్చి చూసింది. "ఇన్నే అన్నారుగా?"

"అబద్ధం చెప్పాను. ఒకటి దాచాను."

"ఒకటేనా" అంది ఆవిడ, కూర్చుని రంగు నింపుతూ. "మీరు దాచినవన్నీ చెక్కిస్తే ఈ రాయి చాలదు."

నాలుగింటికి బండి వచ్చింది. మాస్టారి భార్య రాతి ముందు నిలబడి కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది. "చూస్తుంటే ఒకట్లన్నీ ఒకటైపోతున్నాయి" అని, వేలు మొదటి గీతలో పెట్టింది. ఒక్కొక్క గాడిలోనూ వేలు ఆనించి, పెదవులు కదుపుతూ వెళ్ళింది. ఎవడు లెక్కపెడతాడులే అనుకున్న చోట ఒక ముసలివేలు అలా నడుస్తుంటే శేషం కూడా దానితో పాటు లెక్కపెట్టాడు. ఆరు. పన్నెండు. పద్దెనిమిది దగ్గర ఆగింది. ఖాళీని తడిమింది. మరికాస్త ముందుకెళ్ళి, అంచు మీద దొరికింది.

"పంతొమ్మిది" అంది. "ఇదేమిటి నాయనా, ఇది బయట నిలబడింది?"

"వరసలో ఇమడలేదమ్మా. అసలు..." అతను గొంతు సవరించుకున్నాడు. "అసలు మొదట వదిలేశాను. ఎవరూ లెక్కపెట్టరు అనుకుని. ఇవాళ మధ్యాహ్నం చెక్కాను."

ఆవిడ కోప్పడుతుందని చూశాడు. ఆవిడ ఆ గీత మీదనుంచి వేలు తియ్యలేదు.

"ఆరేసి విడగొట్టావు కదూ. పంతొమ్మిది కూడా విడిపోయే సంఖ్య కాదురా. దాన్ని ఎలా వరసలు కట్టినా ఒకడైనా బయట ఉండాల్సిందే." ఆ గీతని ఇంకోసారి తడిమి అంది, "ఆయన ఇంటికొచ్చి చెప్పేవారు. వరసకి మిగిలినవాణ్ణి నా బల్ల పక్కన నిలబెట్టుకుంటాను, ముప్ఫై ఆరుమంది నన్ను చూస్తారు, వాడొక్కడు నాతో కలిసి వాళ్ళని చూస్తాడు, అని. నీకెప్పుడూ చెప్పలేదా?"

"లేదండీ."

"చెప్పరు. ఆయన ప్రశ్నలే వేస్తారు."

రాతిని బండిలోకి ఎత్తడానికి శేషం వంగాడు. వెనకనుంచి మాటలు ఆగిపోయాయి. తిరిగి చూస్తే మాస్టారి భార్య అతని వీపు వైపు చూస్తోంది. పొద్దున్న ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. ఇంటావిడ కుంచె పట్టుకుని ఆవిడ పక్కన నిలబడి అటే చూస్తోంది.

"బొటనవేలు కుడివైపుకి ఉంది" అంది మాస్టారి భార్య నెమ్మదిగా. "ఎడమచెయ్యి. ఆయన ఎప్పుడూ ఎడమచేత్తోనే తట్టేవారు. కుడిచేతిలో సుద్దముక్క ఉండేది."

ఆవిడ ఒకసారి చెయ్యి చాచి, ఆ గుర్తుకి జానెడు దూరంలో ఆపి, తీసేసుకుంది. గొడుగు తీసుకుని బండి ఎక్కింది.

చీకటి పడకముందే ఇంటావిడ ఆ చొక్కాని నానబెట్టి, సబ్బు పెట్టి, రాతికేసి బాది ఆరేసింది. ఆరాక పట్టుకొచ్చి చూపించింది.

"పొడంతా పోయిందండీ. ఇది మాత్రం మిగిలింది. ఇంకోసారి నానబెట్టనా?"

"వద్దు" అన్నాడు శేషం. "ఉండనీ."

ఆవిడ పైకి వెళ్ళాక అతను కుళాయి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. పదహారు. పదిహేడు. పద్దెనిమిది. చుక్క కుళాయి నోట్లో ఉబ్బింది, వేలాడింది. అతను ఊపిరి బిగబట్టాడు. బకెట్లో నీరు చిన్నగా, ఒక్కసారి, కదిలింది.

ఆ కుళాయిని అతను ఇప్పటికీ బాగుచేయించలేదు.